కుక్కకు ఒక కంట్లోనే పుసి, ఎరుపు: సమాధానం

మీ కుక్కకు ఒక్క కంట్లోనే పసుపుపచ్చ పుసి, ఎరుపు, పైగా ఆ కన్ను సగం మూసుకునే ఉంటోంది అన్నారు. అలర్జీ కన్నా, నల్లగుడ్డు పైపొర మీద గీత పడటమో, రెప్ప కింద నలుసు ఇరుక్కోవడమో అయ్యే అవకాశమే ఎక్కువ.

1. గోరువెచ్చని సెలైన్‌తో తడిపిన దూదిని పుసి మీద కాసేపు ఉంచండి. మెత్తబడ్డాక తుడవండి, లాగొద్దు. రెండో కంటికి వేరే దూది.

2. కాలితో గోక్కోకుండా మెడకు కోన్ (తల చుట్టూ గరాటులా ఉండే ప్లాస్టిక్ పట్టీ) పెట్టండి.

3. ఇంట్లో మిగిలిన చుక్కల మందు దయచేసి వేయకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. అందులో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే, గీత పడ్డ చోట పుండు మానకపోగా లోతుకు దిగుతుంది, చూపే పోవచ్చు. ముందు పశువైద్యుడితో ఫ్లోరెసీన్ పరీక్ష (కంట్లో రంగు మందు వేసి చూసేది) చేయించండి. గీత ఉంటే ఆ చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏ మందు వేయాలో అప్పుడే తేలుతుంది.

కన్ను తెరవలేకపోతోందంటే నొప్పి ఉన్నట్టే, ఈరోజే చూపించండి.