మీ అమ్మ పక్కన కూర్చుని చూశాకే పని అయినట్టు

పాలకొల్లు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న అంబాజీపేట వెళ్లి వచ్చాను. కనుమ నాడు జగ్గన్నతోటలో నువ్వు తీసిన వీడియోను, ఊరూరి నుంచి దేవుళ్ల ప్రభలను భుజాలకెత్తుకొచ్చే ఆ ప్రభల తీర్థం వీడియోను, మీ అమ్మ కంప్యూటర్లో చూస్తోంది. కౌశిక ఏట్లో దిగిన ప్రభ కనిపిస్తోంది కానీ, మీ పెదనాన్న పక్కన నిలబడి చెబుతున్న కబుర్లు ఆమెకు అందడం లేదు. చెవి మిషను పెట్టుకున్నా డప్పుల హోరు తప్ప మాట తెలియడం లేదట. సబ్‌టైటిల్స్ వేసి పంపుతానని నువ్వు అన్నావని చెప్పింది. మంచి ఆలోచన. ముప్పై ఏళ్లు పెళ్లి వీడియోలు తీసి, ఎడిటింగ్ చేసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

అక్షరాలను వీడియోలోనే కలిపేయకు. ఒక్క గుణింతం తప్పు పోయినా మొత్తం మళ్లీ తయారు చేయాలి. విడిగా ఎస్‌ఆర్‌టీ ఫైలు చేయి, అంటే మాటలూ అవి కనబడే సమయాలూ మాత్రమే ఉండే ఫైలు. నోట్‌ప్యాడ్ చాలు. పైన వరుస సంఖ్య, దాని కింద మాట తెర మీదికి రావలసిన, పోవలసిన సమయాలు, ఆ కింద మాట, తరువాత ఒక ఖాళీ వరుస. ఇలాగ:

1
00:01:12,500 --> 00:01:16,000
అదిగో, మన ఊరి ప్రభ!

సెకన్ల తరువాత చుక్క కాదు, కామా. ఆ మూడు అంకెలు సెకనులో వెయ్యో వంతులు.

దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో చూడు. ఒకసారి నేను చూసుకోకుండా తెలుగు పట్టని పాత పద్ధతి ఏఎన్‌ఎస్‌ఐలో దాచాను. తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలు! ఒక రాత్రి పని గోదాట్లో కలిసింది. ఫైలు రకం దగ్గర ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకో. లేకపోతే చివర టీఎక్స్‌టీ అని తోక తగులుకుంటుంది, విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది కూడా. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అక్షరాలు మాత్రం రావు.

వీడియోకు ఏ పేరుంటే ఎస్‌ఆర్‌టీకీ అదే పేరు పెట్టి, రెంటినీ ఒకే ఫోల్డర్లో ఉంచు. వీడియో ఆడించే వీఎల్‌సీ ప్రోగ్రాం దానంతట అదే ఎత్తుకుంటుంది. సబ్‌టైటిల్ మెనూలో ‘యాడ్ సబ్‌టైటిల్ ఫైల్’ అని ఉన్న మాట నిజమే కానీ, చూసిన ప్రతిసారీ ఆ తంటా మీ అమ్మకెందుకు?

అసలు కష్టం రాయడంలో ఉంది. మనిషి మాట్లాడినంత వేగంగా కన్ను చదవలేదు, అందులోనూ డెబ్బై దాటిన కన్ను. పైగా మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. రెండు వరుసలు దాటితే అంతా అల్లుకుపోయి ముగ్గులా కనబడుతుంది. చిన్న మాటయినా మూడు సెకన్లు నిలవనీ. మీ పెదనాన్న ఒకటే సంగతి మూడుసార్లు అంటాడు కదా, ఒకసారి రాస్తే చాలు. కానీ ఆయన పలుకుబడిని మాత్రం పుస్తక భాషలోకి దిద్దకు. ఆ మాట తీరులోనే మీ అమ్మ మనిషిని గుర్తుపడుతుంది. వినబడని చప్పుళ్లను కూడా బ్రాకెట్లలో రాయి: (డప్పులు జోరందుకున్నాయి), (వెనక ఎవరో నవ్వారు). నేను ఒక పాత వీడియోకు ఇలా రాసి ఇస్తే, మాటలకన్నా ఆ బ్రాకెట్లు చూసే మీ అమ్మ ఎక్కువ మురిసింది.

వీఎల్‌సీలో చూస్తున్నప్పుడు అక్షరాలు మాటకన్నా వెనకబడితే కీబోర్డు మీద జి నొక్కు, ముందే వచ్చేస్తుంటే హెచ్ నొక్కు. ఒక్కో నొక్కుకు యాభై మిల్లీసెకన్లు, అంటే ఇరవై నొక్కులకు ఒక సెకను. అయితే అది ఆ పూటకే. శాశ్వతంగా సరిచేయాలంటే ఫైల్లోని సమయాలే మార్చాలి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ఉచిత ప్రోగ్రాంలో అన్నింటినీ ఒకేసారి జరపవచ్చు.

మీ అమ్మ చూసే పాత సినిమాలకు ఎక్కడినుంచో దించిన సబ్‌టైటిల్ ఫైళ్లతో ఇంకో చిక్కుంది. మొదట సరిగ్గానే ఉంటాయి, విశ్రాంతి దాటేసరికి ఎక్కడికో పోతాయి. అది ఫ్రేముల తేడా, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్కలో తేడా. మన పాత క్యాసెట్ల పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, సినిమా ఫైళ్లలో చాలావాటికి 23.976. ఒకదానికి చేసింది రెండోదానికి పెడితే గంటకు దాదాపు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. దానికి జి, హెచ్ పనికిరావు. అదే ప్రోగ్రాంలో ఫ్రేమ్ రేటు మార్చుకోవాలి. అందుకే ఏదైనా మొదట, మధ్యలో, చివర మూడు చోట్ల చూసుకో.

వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ పేజీ తెరిచి, ఫాంటుగా నిర్మలా యూఐ పెట్టి, సైజు పెంచి, అక్షరం చుట్టూ నల్ల అంచు మందంగా చేయి. నీ ల్యాప్‌టాప్‌లో కాదు, మీ అమ్మ కంప్యూటర్లో, ఆమె కూర్చునే కుర్చీలోంచి చూసి. ఆ కుర్చీ తెరకు బాగా దూరం. నీ కళ్లకు మోటుగా అనిపించిన సైజే ఆమెకు సరిపోతుంది.

ఫైలు తయారయ్యాక ముందు నాకు పంపు. పదకొండు ప్రభలలో ఏది ఏ ఊరిదో నువ్వు తప్పకుండా తారుమారు చేస్తావు. అంబాజీపేటలో ఎవరైనా అది చూస్తే ఆ మాట పడేది నాకే.

నీ మావయ్య