గుమ్మంలో వరికుచ్చు, హాల్లో గుమ్మడికాయ... పాడవకుండా ఎలా ఉంచుకోవాలంటే

వైజాగ్ ఫ్లాట్‌లో ఉంటున్నాం, అమెరికా వాళ్లు అక్టోబరు రాగానే గుమ్మడికాయలు, మొక్కజొన్న పొత్తులు, ఎండుటాకులు పెట్టి ఇల్లు ముస్తాబు చేసుకున్నట్టు మన పంటలతో చేసుకోవాలని ఉంది, కానీ పోయిన ఏడాది పెట్టినవన్నీ పురుగు పట్టి పారేశాం, ఏం చేయాలి అని అడిగారు కదా. మాది ఆమదాలవలస దగ్గర పల్లె, ఇప్పుడు శ్రీకాకుళం టౌన్లో ఉంటున్నాం. ఏటా చేసుకునే పనే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక మాట. వాళ్ల నెలలు మనకి పనికిరావు. అక్టోబరులో మన చేలు ఇంకా పచ్చగానే ఉంటాయి, పైగా తుపాన్ల భయం (2018లో తిత్లీ అక్టోబరు 11నే పలాస దగ్గర తీరం దాటింది, గుర్తుండే ఉంటుంది). మన వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో. అందుకని దసరాకి గుమ్మడికాయలు, బంతిపూలతో మొదలుపెట్టి, కోతలయ్యాక వరికుచ్చు కట్టి, సంక్రాంతి దాకా ఉంచుకోండి.

వరికుచ్చు గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాడయ్యేదీ అదే, అందమంతా దానిదే. నేను మొదటిసారి కట్టినప్పుడు చేలోంచి తెచ్చిన కంకుల్ని అదే రోజు గట్టిగా కట్ట కట్టి గుమ్మానికి వేలాడదీశాను. వారం తిరక్కుండా దగ్గరికెళ్తే ముక్కిపోయిన వాసన, విప్పి చూస్తే పైన బంగారంలా ఉన్న కట్ట లోపల నల్లగా బూజు. చాలా బాధపడ్డాను. తర్వాత మా పెదనాన్న దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆయన గింజ పూర్తిగా ముదిరాక కాకుండా, కంకి పసుపెక్కి కాడలో ఇంకా కొంచెం పచ్చదనం ఉండగానే జానెడున్నర కాడతో కోసేవారు, బాగా ముదిరితే ముట్టుకుంటే చాలు గింజ రాలిపోతుంది. కోసినవాటిని చిన్న చిన్న పిడికిళ్లుగా కట్టి, నీడలో గాలి తగిలేచోట తలకిందులుగా వారం రోజులు వేలాడదీసేవారు. గింజని పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా పచ్చి ఉన్నట్టే. అమ్మే ధాన్యానికే 17 శాతం తేమ దాటకూడదంటారు, ఇంట్లో నెలల తరబడి ఉండేది అంతకంటే బాగా ఎండాలి.

అల్లేటప్పుడు మాత్రం కాడలు పెళుసుగా ఉంటే విరిగిపోతాయి, అందుకని తెల్లారగట్ల మంచు పడే వేళ కాడల్ని మాత్రం తడిగుడ్డలో చుట్టి ఓ గంట ఉంచి అప్పుడు జడలా అల్లాలి, అల్లాక మళ్లీ ఒకపూట ఆరనివ్వాలి. కట్టడానికి ప్లాస్టిక్ తాడు వద్దు, మన దగ్గర గోగునార దొరుకుతుంది, ఆ లేత గోధుమరంగు గడ్డి పక్కన ఎంత బావుంటుందో. రకం ఎంచుకునే వీలుంటే స్వర్ణ అడగండి, మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ల రకం, దాని పొట్టు ముదురు బంగారు రంగులో ఉంటుంది.

ఇక పురుగు. మీకు వచ్చింది బహుశా వడ్లచిలక, చిన్న గోధుమరంగు రెక్కల పురుగు, గింజకి కన్నం పెట్టి బయటికొస్తుంది. రెండు వారాలకోసారి కుచ్చుని తీసి ఓ పూట గట్టి ఎండలో పెట్టండి, అదే మందు. పురుగుమందు మాత్రం కొట్టకండి. వీలైతే లోపల కాకుండా బాల్కనీలో కట్టండి, పిచ్చుకలు వచ్చి తింటాయి. మా ఇంట్లో ఒక పిచ్చుక కంకి చివర తలకిందులుగా వేలాడుతూ ఒక్కో గింజ పొట్టు వలుచుకుని తినేది, కింద గచ్చు మీద ఆ పొట్టు రాలి ఉండేది. నేను రోజూ ఊడ్చేదాన్ని, ఎప్పుడూ విసుగనిపించలేదు. ఎవరికీ పనికిరాకుండా గాజు పెట్టెలో ఉండే అలంకరణ కంటే ఇది నాకు వంద రెట్లు ఇష్టం.

గుమ్మడికాయకి తొడిమే ప్రాణం. రెండంగుళాల తొడిమ ఉన్న కాయే కొనండి, దాన్ని పట్టుకుని ఎత్తకండి, ఊడిందంటే అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. నేరుగా గచ్చు మీద పెట్టకుండా గడ్డితో చుట్టకుదురు చేసి దాని మీద కూర్చోబెట్టండి, కింద గాలి ఆడుతుంది. బూడిదగుమ్మడి మీద తెల్లటి పొడి తుడవకండి, దానికి రక్ష అదే. కనుమ నాటికి తియ్యగుమ్మడి పులుసులోకి వెళ్లిపోవాలి, పండగయ్యాక బూడిదగుమ్మడి వడియాలకి.

విజయనగరం వైపు చుట్టాలుంటే మొక్కజొన్న పొత్తులూ చోళ్ల (రాగుల) వెన్నులూ తెప్పించుకోండి. పొత్తుల రేకులు వెనక్కి వలిచి జంటలుగా కట్టి కర్రకి వేస్తే చాలు. చోళ్ల వెన్నుల్ని మాత్రం నేను బుడితి (మా జిల్లాలో ఇత్తడి పనికి పేరున్న ఊరు) ఇత్తడి చెంబులో నిలబెడతాను, ముడుచుకున్న పిడికిళ్లలాంటి ఆ వెన్నులు, ఇత్తడి మెరుపు... హాల్లోకి ఎవరొచ్చినా ముందు దాని దగ్గరే ఆగుతారు. చెంబులో నీళ్లు పోయకండి, అడుగున కాసిని వడ్లు పోసి గుచ్చండి.

ఒక్క తొందర మాత్రం ఉంది. ఇప్పుడు చాలాచోట్ల కోతమిషన్ దిగుతోంది, అది దిగిన చేలో కాడతో ఉన్న కంకి దొరకదు. ఊళ్లో ఎవరైనా ఉంటే కార్తీకంలోనే ఫోన్ చేసి, మిషన్ రాకముందు గట్టు పక్కన రెండు పనలు కొడవలితో కోసి ఉంచమని చెప్పండి.