ప్రొడక్షన్ కార్ల రేసింగ్ తరగతులు కనుమరుగవుతాయా?

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఔత్సాహిక రేసుల్లోని ఈ, ఎఫ్, హెచ్ ప్రొడక్షన్ తరగతుల (మామూలుగా అమ్మే కార్లనే రేసుకు తగ్గట్టు మార్చి నడిపే పోటీలు) గురించే అయితే, ఇప్పట్లో పోవు. రూపం మాత్రం మారక తప్పదు. వీటిలో పరుగెత్తే ఎంజీ మిడ్జెట్ లాంటి పాత బ్రిటిష్ కార్ల ఇంజిన్ల ఆనుపానులు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. కొత్తవారు సహజంగానే మజ్దా మియాటా కార్లకే పరిమితమైన స్పెక్ మియాటా తరగతి వైపు మొగ్గుతారు: అందరిదీ ఒకే రకం కారు, తేడా అంతా నడిపేవారిలోనే.

ప్రొడక్షన్‌కు ఊపిరి పోసింది 'లిమిటెడ్ ప్రెప్' పద్ధతి. ఇందులో ఇంజిన్‌కు చేసే మార్పులకు, అంటే కామ్‌షాఫ్ట్ లిఫ్ట్‌కూ (వాల్వులు ఎంత తెరుచుకుంటాయన్నది) కంప్రెషన్‌కూ (ఇంధన మిశ్రమాన్ని ఎంత నొక్కుతారన్నది) హద్దు పెడతారు. దాంతో కాస్త కొత్త కార్లూ బరిలోకి దిగాయి. అసలు తలనొప్పి వాటిని పాతవాటితో సమం చేయడమే: ఒక కారు మోయాల్సిన కనీస బరువును నిర్వాహకులు పెంచగానే దాని యజమాని గగ్గోలు పెడతాడు, పెంచకపోతే మిగతావారు పెడతారు. నా లెక్కలో ఈ తరగతులను నిలబెట్టేది కొత్త మోడళ్లను త్వరగా అనుమతించడమే.