వచ్చినాడా, వచ్చాడా?

సందేహం: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. రెండేండ్లుగా కథలు రాస్తున్నాను. ఈమధ్య ఒక పత్రికలో నా కథ అచ్చయింది. అందులో నేను 'వచ్చినాడు', 'తెచ్చినాడు', 'పిలిచినాడు' అని రాసిన ప్రతిచోటా 'వచ్చాడు', 'తెచ్చాడు', 'పిలిచాడు' అని మార్చారు. ఫోన్ చేసి అడిగితే, వచ్చినాడు అనేది గ్రాంథికం, ఈ కాలం కథల్లో పనికిరాదు అన్నారు. ఆ కథను మా జేజికి, అంటే నాయనమ్మకు, చదివి వినిపించాను. 'రాత్రి బస్సుకు మా నాయన వచ్చాడు' అనే వాక్యం వినగానే ఆమె 'రానీలే మే, వచ్చినంక చెబుదువు' అనింది. 'వచ్చినాడు' నిజంగా తప్పా? కథలో మా యాస ఎంతవరకు రాయొచ్చు? బయటివాళ్ళకు తెలియని మాటలకు పక్కన బ్రాకెట్లో అర్థం ఇవ్వాలా?

సమాధానం: మీ జేజికి ఉన్న వ్యాకరణ జ్ఞానం ఆ దిద్దినవారికి లేదు. అది వారి తప్పు కూడా కాదు, వారు కడప పల్లెల్లో పెరగలేదు కాబట్టి.

కడప జిల్లా పల్లెల్లో, కర్నూలు వైపు కూడా చాలాచోట్ల, 'స్త' అనే చోట 'చ్చ' పలుకుతారు. వస్తాడు అనేది వచ్చాడు అవుతుంది. చేస్తా అనేది చేచ్చా, ఇస్తా అనేది ఇచ్చా. 'రేపు మా మామ వచ్చాడు' అంటే మామ ఇంకా బయల్దేరలేదని అర్థం. ఇక జరిగిపోయినదానికి వాళ్ళ దగ్గర ఉన్న రూపం వచ్చినాడు. గుంటూరులోనో విజయవాడలోనో వచ్చాడు, వస్తాడు అని రెండు రూపాలు ఉన్నట్టే, కడప పల్లెలో వచ్చినాడు, వచ్చాడు అని రెండు ఉన్నాయి. దిద్దినవారు యాసను సరిచేశామని అనుకున్నారు. మీ జేజి చెవికి మాత్రం మీ నాయన ఇంకా దారిలోనే ఉండిపోయినాడు. 'డబ్బులు ఇచ్చాడు' అనే ఒక్క మాట మీద కడపాయన, గుంటూరాయన పంచాయితీ పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

'వచ్చినాడు' పుట్టుక చూస్తే తప్పు అనే మాటే రాదు. వచ్చిన, వాడు అనే రెండూ కలిస్తే వచ్చినాడు. కోస్తా మధ్య జిల్లాల నోట నడిమి 'న' జారిపోయి వచ్చాడు అయింది. చేసినాడు అలాగే చేశాడు అయింది. అంటే మీరు రాసింది పూర్తి రూపం, వారు మార్చింది కుదించిన రూపం. ఇంకో తమాషా చూడండి. వచ్చాడు అనేవారు కూడా తిన్నాడు, విన్నాడు, కొన్నాడు అనే అంటారు. అక్కడ ఉన్నది తిన్న, వాడు. అదే కట్టుబడి, అదే 'న'. దాన్ని ఎవరూ గ్రాంథికం అనరు. గ్రాంథికం అనే అనుమానం ఎందుకు వచ్చిందంటే, పాత పద్యాల్లో, పాత వచనంలో అరసున్నతో 'వచ్చినాఁడు' కనబడుతుంది. పుస్తకాల్లో పాతబడిన రూపం మన ఇండ్లల్లో రోజూ వాడుకలో ఉంది, అంతే. మనం ఇండ్లు అంటాం, వాళ్ళు ఇళ్ళు అంటారు. అదీ ఇదే తీరు.

గిడుగు రామమూర్తి (1863-1940) వాడుక భాష కోసం పోరాడి గెలిచారు. ఆ గెలుపు తరవాత పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన వాడుక భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల చదువుకున్నవారిది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు మాండలికాలను నాలుగుగా విభజించి రాయలసీమను, నెల్లూరును దక్షిణ మాండలికంలో చేర్చారు. నాలుగింటిలో ఒకదానికి పత్రిక దొరికింది, మిగిలిన మూడింటికి దిద్దుబాటు దొరికింది. ఇందులో నా పాపమూ ఉంది. పాఠాలు చెప్పిన తొలి రోజుల్లో పరీక్ష పేపర్లలో 'వచ్చినాడు' కింద ఎర్రసిరా గీత గీసినవాడినే నేను. ఇంటికి పోయి అదే మాట మాట్లాడేవాడిని కూడా.

తప్పు కాదని తేలినంత మాత్రాన కథ బాగుపడదు. తెలుగులో మనకు దొరికిన తొలి పూర్తి శాసనం కలమల్లలో ఉందని, అది క్రీ.శ. 575 ప్రాంతానిదని, ఆ ఊరు మీకు దగ్గరే అని చెప్పుకొని మురిసిపోవచ్చు. దానివల్ల మీ రెండో కథకు ఒక్క వాక్యం కూడా కలిసిరాదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు వద్దాం.

ఎంత యాస రాయాలి అనేదానికంటే ముందు ఈ కథ ఎవరు చెబుతున్నారు అని మిమ్మల్ని మీరే అడగండి. జేజి చెబుతున్న కథ అయితే మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆమె నోటితోనే రాయండి, సగంలో పత్రిక భాషలోకి జారకండి. మీరు పక్కన నిలబడి చెబుతున్న కథ అయితే నా సలహా వేరు. కథనంలో వచ్చినాడు, పోయినాడు, ఇండ్లు, ఊర్లో లాంటివి ధైర్యంగా ఉంచండి. శ్రీకాకుళంలో చదివేవారికి కూడా ఇవి ఇట్టే అర్థమవుతాయి. వస్తున్నాడు అనేదానికి వచ్చాండాడు, చేస్తున్నారు అనేదానికి చేచ్చాండారు లాంటివి సంభాషణల్లోకి తీసుకుపోండి. అక్కడ పాత్ర మొహం, చేతులు, సందర్భం తోడుంటాయి. రాబోయేదానికి 'వచ్చాడు' అని రాసేటప్పుడు మాత్రం పక్కన ఒక కాలం మాట పడేయండి. 'ఎల్లుండి వచ్చాడులే' అంటే విశాఖవాసి కూడా తడబడడు.

మీరు పంపిన కథలో నన్ను ఇబ్బంది పెట్టింది యాస కాదు, యాస పేరుతో చేసిన స్పెల్లింగు. సేద్యం చేసే రాముడి నోట 'సదువు', 'సూడు' అని రాశారు. అదే ఊరి టీచర్ నోట 'చదువు', 'చూడు' అని రాశారు. నిజంగా ఆ ఊర్లో ఇద్దరి పలుకుబడిలో అంత తేడా ఉందా? ఉంటే రాయండి. లేకపోతే మీరు రాస్తున్నది కడప యాస కాదు, ఒకడికి చదువు లేదని వేలెత్తి చూపడం. తెలుగు కథల్లో ఈ అలవాటు పాతది. అట్లాగే 'యెందుకు', 'యిల్లు' అని రాస్తే మట్టివాసన వస్తుందనుకోకండి. పదం మొదట్లో ఎ, ఇ లకు ముందు య కారం తొంగిచూడటం అన్ని జిల్లాల నోళ్ళలోనూ ఉన్నదే. 'యాడికి' వేరు. అది ఎక్కడికి అనే మాటకు సీమ రూపమే, దాన్ని రాయాల్సిందే.

ఆ 'యాడికి' దగ్గరే ఇంకొంచెం ఆగుతాను, నాకు ఇష్టమైన చోటు ఇది. మీ జేజి 'యాడికి పోతాండావు' అనదు. చెవి పెట్టి వినండి, 'యాడికి బోతాండావు' అంటుంది. 'కి' అనే విభక్తి చివర ఒకప్పుడు నకారం ఉండేది, దాన్ని ద్రుతం అంటారు. ద్రుతం మీద క, చ, ట, త, ప లు వస్తే గ, జ, డ, ద, బ లు అవుతాయి. బడిలో సరళాదేశ సంధి అని బట్టీ పట్టించింది ఇదే. చిన్నయ సూరి వ్యాకరణ సూత్రం చదవని మనిషి నోట ఆ సూత్రం పొల్లుపోకుండా నడుస్తోంది. రచయితగా మీకు ఇందులో పనికొచ్చేది ఏమిటంటే, పదాన్ని ఆరు చోట్ల వంకర తిప్పక్కర్లేదు, ఆ ఒక్క 'బ' రాస్తే చాలు, వాక్యం గొంతు వినబడుతుంది.

సీమ అంతా ఒకటే యాస అని కూడా అనుకోకండి. మీ కథలో అక్క పాత్ర మూడో పేజీలో 'తిరునాళ్ళు చూసేకి పోయినా' అంటుంది, ఐదో పేజీలో 'చూసేదానికి' అంటుంది. చూసేకి, తినేకి, పోయేకి అనడం అనంతపురం పక్క ఎక్కువ. మీ వైపు ఎక్కువగా వినబడేది చూసేదానికి. వేరుశనగ కాయలు అనంతపురంలో బుడ్డలు, మీ దగ్గర చెనిక్కాయలు. ఒకే నోట రెండూ వస్తే పొరపాటు అనిపిస్తుంది. అయితే ఆ అక్కను అనంతపురం నుంచి వచ్చిన కోడలిని చేయండి. ఆమె 'బుడ్డలు వేయించినా' అన్నప్పుడల్లా అత్తగారింట్లో ఎవరో ఒకరు 'చెనిక్కాయలు' అని అందుకుంటారు. పదేండ్ల తరవాత ఒకరోజు ఆమే చెనిక్కాయలు అంటుంది. కోడలు ఆ ఇంటి మనిషి అయిపోయిందని మీరు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ మాటలు సినిమాల నుంచి ఎత్తుకోకండి. అక్కడి సీమ భాష అరుపులు, తొడగొట్టడాలు మాత్రమే. సంగటి కలుపుతూ మాట్లాడే భాష అందులో ఉండదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. బస్టాండులో, ఆసుపత్రి వరండాలో, పెండ్లి వంటల దగ్గర విన్న వాక్యాలను పూర్తిగా రాసుకోండి, విడి మాటలుగా కాదు. సేద్యం మాటల కోసం భద్రిరాజుగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెతికి పట్టుకోండి, రైతుల నోటి నుంచి ఏరిన మాటలవి. కడపకు వచ్చినప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో ఒక పూట కూర్చోండి. బ్రౌన్ తన నిఘంటువులో కావ్యాల మాటల పక్కనే జనం నోటి మాటలనూ కూర్చోబెట్టాడు.

బ్రాకెట్ల సంగతి. వద్దు. కథ మధ్యలో బ్రాకెట్ పడితే చదివేవాడి పక్కన ట్యూషన్ మాస్టారు వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. 'బుడ్డలు ఒలిచి ఒలిచి బొటనవేళ్ళు కాయలు కాచినాయి, ఒడినిండా పొట్టు' అని రాస్తే బుడ్డలు అంటే ఏమిటో ఎవరూ అడగరు. 'సంగట్లోకి రొంత నెయ్యి ఏసుకో' అంటే రొంత అర్థం కానిది ఎవరికి?

మీరు అడగని విషయం ఒకటి. మీ కథలో సంభాషణలన్నీ ప్రొద్దుటూరువి, కథనంలో కొన్ని వాక్యాలు మాత్రం ఇంగ్లీషు నుంచి దిగినవి. 'ఆమె ముఖంపై ఒక చిరునవ్వు కలిగి ఉంది', 'అతనికి ఆ వార్త తెలియజేయబడింది'. ఏ జిల్లాలోనూ ఎవరూ ఇట్లా మాట్లాడరు. ఆమె ముసిముసిగా నవ్వుకునింది. అతనికి ఎవరో చెప్పినారు. అచ్చుకు పంపేముందు కథను గట్టిగా చదవండి, నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ గీత పెట్టండి. దిద్దినవారు ఈ రెండు వాక్యాలను మాత్రం ముట్టుకోలేదు, గమనించారా?

ఈసారి కథ పంపేటప్పుడు పైన రెండు ముక్కలు రాయండి. దిద్దేవారికి తగవుగా కాకుండా సమాచారంగా అందితే చాలామంది వింటారు. ఇట్లా రాస్తే చాలు: 'ఈ కథలోని భాష ప్రొద్దుటూరు పల్లె భాష. వచ్చినాడు అంటే జరిగిపోయింది. వచ్చాడు అంటే జరగబోయేది. దయచేసి రెండింటినీ మార్చవద్దు.'