గంట రికార్డింగ్‌లో చివరికొచ్చేసరికి గొంతులు జరిగిపోతుంటే

బ్రో, ముగ్గురూ ఎవరి సిస్టమ్‌లో వాళ్ళు ఆడాసిటీలో (ఆడియో రికార్డింగ్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) రికార్డ్ చేసి కలిపితే మొదట్లో బానే ఉండి చివర్లో బాస్ ఫైట్ జోక్ వెయ్యకముందే ఇంకొకడు నవ్వేస్తున్నాడన్నారు కదా (విన్నాను, నిజంగానే కామెడీగా ఉంది), అది మీ ఎడిటింగ్ తప్పేం కాదు, ఒక్కో సిస్టమ్‌లో ఆడియో క్లాక్ (రికార్డింగ్ వేగాన్ని నడిపే లోపలి గడియారం) కాస్త తేడాగా నడుస్తది, గంటకి ఆ తేడా పేరుకుని చెవికి తెలిసిపోద్ది. ఈసారి మొదట్లో, చివర్లో ఒకడు ఒకటి రెండు మూడు అంటే అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టండి, వేవ్‌ఫామ్‌లో (శబ్దాన్ని గీతలా చూపించే బొమ్మ) సూదిలా నిలబడి కనిపిస్తది. మీ ట్రాక్‌లో ఆ చప్పట్ల మధ్య 3600 సెకన్లుండి ఇంకొకడి ట్రాక్‌లో 3600.4 ఉంటే, వాడి ట్రాక్‌లో ఆ ముక్క సెలెక్ట్ చేసి ఆడాసిటీలోని ఛేంజ్ టెంపో ఎఫెక్ట్‌లో లెంగ్త్ 3600 ఇచ్చెయ్యండి, పిచ్ మారదు. డిస్కార్డ్‌లో క్రెయిగ్ బాట్ (కాల్‌లో ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా రికార్డ్ చేసేది) కూడా ఆన్ చేసి పెట్టుకోండి, ఎవడో ఒకడు రికార్డ్ నొక్కడం మర్చిపోతాడు ఎలాగూ.