ఎంపీసీ అమ్మాయి, బయోమెడికల్ బ్రాంచి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో చేరతానంటోంది. బయాలజీ పదో తరగతితోనే ఆగింది. నెగ్గుకురాగలదా? ఆసుపత్రిలో మెషీన్లు బాగుచేయడం తప్ప ఇందులో ఏముందని బంధువులు అంటున్నారు. – ఒక తండ్రి, వరంగల్

జవాబు: బయాలజీ గురించి బెంగ పెట్టుకోకండి. ఈ కోర్సును మోసేది లెక్కలూ ఫిజిక్సూనే. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపరుంది. దాని సిలబస్ తెరిచి చూడండి: లెక్కలు, సర్క్యూట్లు, సిగ్నల్స్, ఎలక్ట్రానిక్స్, సెన్సర్లే ఎక్కువ. శరీర నిర్మాణం ఒక భాగం మాత్రమే, దాన్ని కాలేజీలో మొదటి నుంచీ చెబుతారు.

అలాగని ఆ భాగాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈసీజీనే చూడండి. చర్మం మీద అందే సిగ్నల్ సుమారు ఒక మిల్లీవోల్టు. దానిపై మన కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద వచ్చి కూర్చుంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా గీత పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగిసలాటను ఆపుదామని నెమ్మదైన ఊగుళ్లను వడగట్టే ఫిల్టర్‌ను, 0.05 హెర్ట్జ్ దగ్గర పెట్టాల్సినదాన్ని 0.5కు పెంచారనుకోండి, గీత చక్కగానే నిలుస్తుంది కానీ ఎస్‌టీ భాగం (ప్రతి గుండె దెబ్బలో ఎత్తైన మొన తర్వాత వచ్చే గీత ముక్క) వంకర తిరగొచ్చు. గుండెపోటు ఉందేమోనని డాక్టరు వెతికేది అక్కడే! లెక్క ఎంత బాగా వచ్చినా, గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియకపోతే ఈ తప్పు కంటికి కనబడదు.

మోడలింగ్, అంటే శరీరం పనితీరును లెక్కల్లోకి దించడం కూడా ఆమెకు కొత్తేమీ కాదు. బృహద్ధమనిని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని) కెపాసిటర్‌గా, సన్నని రక్తనాళాలను రెసిస్టెన్స్‌గా తీసుకుని రక్తపోటును లెక్కగట్టే పద్ధతి 1899లో ఒట్టో ఫ్రాంక్ నాటి నుంచీ ఉంది. ఇమేజింగ్‌లో సీటీ స్కాన్ అంటే అన్ని వైపుల నుంచీ తీసిన ఎక్స్‌రే కొలతల నుంచి లోపలి బొమ్మను లెక్కతో రాబట్టడం.

చేరేముందు ఓ పని చేయించండి. ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఎంఐటీ-బీఐహెచ్ పేరుతో ఉన్న సేకరణలో ఈసీజీ రికార్డులు 48 ఉన్నాయి, ఒక్కోటీ అరగంట నిడివి, ఉచితం. ఒకటి దించుకుని, పైథాన్‌తో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టమనండి. రెండు మూడు సాయంత్రాలు విసుగు లేకుండా కూర్చుందంటే నేను చేర్పించమనే చెబుతాను.

మెషీన్లు బాగుచేయడం చిన్న పనేమీ కాదు, వెంటిలేటర్ ఆగితే పిలిచేది బయోమెడికల్ ఇంజినీర్లనే. అదొక్కటే కూడా కాదు: విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో పరికరాలు తయారవుతున్నాయి, స్కాన్ బొమ్మలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ పనీ ఉంది. అయితే క్యాంపస్‌కు సీఎస్‌ఈ కోసం వచ్చినన్ని కంపెనీలు దీనికి రావు, ఇది ముందే తెలిసి ఉండాలి. ఆ భయం ఉంటే ఈసీఈ చదివి, ఎంటెక్‌లో ఇటు రావచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది.

ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి రెండు విషయాలు అడగండి: పిల్లల్ని ఏ ఆసుపత్రికి పంపుతారు, ల్యాబ్‌లో ఈసీజీ మెషీన్‌ను వాళ్ల చేతికిస్తారా.