హెడ్‌ఫోన్ కొనే ముందు చెవి చూపించుకో

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

చెవి సరిగ్గా వినపడక ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్ కొందామనుకుంటున్నావని, నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి ఏ కంపెనీది మంచిదో చెప్పమని అడిగావు. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం నాయనా. అసలు నీ చెవికి అది పనికొస్తుందా అన్నది ముందు తేలాలి. అది తేల్చుకోకుండా వేలు పోసి కొన్నవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. ఇప్పుడది బీరువాలో పడి ఉంది.

మామూలుగా శబ్దం చెవి రంధ్రంలోంచి పోయి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి, అంటే కాక్లియాకు అందిస్తాయి. అక్కడి నుంచి నరం మెదడుకు తీసుకుపోతుంది. ఈ హెడ్‌ఫోన్ చెవి ముందు చెంప ఎముక మీద ఆనుకుని కంపిస్తుంది. ఆ కంపనం పుర్రె ఎముక గుండా నేరుగా కాక్లియాకు చేరుతుంది. అందుకే కర్ణభేరికి చిల్లు పడినా, ఆ చిన్న ఎముకలు బిగుసుకుపోయినా మాట వినపడుతుంది. నాకు చిన్నప్పుడే చెవిలో చీము కారి కర్ణభేరి దెబ్బతింది కానీ లోపలి చెవి బాగుంది. ఫోన్లో మా అక్క మాట మళ్లీ తేటగా విన్నది దీనితోనే. అదే వయసు వల్లో, మిషన్ల మోత వల్లో లోపలి చెవే దెబ్బతింటే మాత్రం శబ్దం ఏ దారిన పోయినా చివరికి చేరేది అక్కడికే కాబట్టి పెద్ద లాభం ఉండదు. అలాంటివాళ్లకు సరిగ్గా అమర్చిన హియరింగ్ ఎయిడే దారి.

కాబట్టి ముందు ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించు. చిత్తూరులో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర కుదరకపోతే ఇక్కడ రుయా ఆసుపత్రికి రా, నేను వెంట వస్తాను. మొదట చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్లలాంటిది ఆనిస్తారు. శబ్దం వినపడగానే బటన్ నొక్కాలి. ఎంత సన్నగా వినపడినా నొక్కు, సందేహిస్తూ కూర్చోకు. చేతికిచ్చే కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూలు ఉంటాయి. ఎముక ద్వారా విన్నవాటికి బ్రాకెట్ గుర్తులు వేస్తారు. బ్రాకెట్లు పైన 20, 25 డెసిబెల్స్ లోపు ఉండి, సున్నాలూ ఇంటూలూ కింద 50 దగ్గర ఉన్నాయనుకో, ఈ హెడ్‌ఫోన్ నీకు బాగా పనికొస్తుంది. రెండూ కలిసి కిందికి దిగిపోయి ఉంటే డబ్బు దండగ.

కర్ణభేరికి చిల్లుంటే దాన్ని ఆపరేషన్‌తో మూసే వీలుందేమో కూడా డాక్టర్‌ను అడుగు. నయమయ్యేదాన్ని వదిలేసి హెడ్‌ఫోన్‌తో సరిపెట్టుకోవద్దు.

ఇంకోటి, ఇది హియరింగ్ ఎయిడ్ కాదు. ఫోన్‌లోంచి వచ్చేదే వినిపిస్తుంది కానీ ఎదురుగా ఉన్న మనిషి మాటను పెంచి వినిపించదు. పెళ్లిలోనో ఆఫీసులోనో మాటలు అందక అవస్థ పడుతున్నావంటే నీకు కావాల్సింది వేరే. ఎముక ద్వారా వినిపించే హియరింగ్ ఎయిడ్లు కూడా ఉన్నాయి, వాటి గురించీ డాక్టర్‌ను అడుగు.

పెట్టుకునేటప్పుడు దాని బిళ్లలు చెవి రంధ్రం మీదికి రాకూడదు. రంధ్రం ముందు చిన్న మొనలా పొడుచుకొచ్చిన భాగం ఉంటుందే, దానికి కాస్త ముందు ఎముక గట్టిగా తగిలే చోట ఆనాలి. మాట వింటూ బిళ్లను గోరంత అటూ ఇటూ జరిపి చూడు, ఒక చోట మాట తేటపడుతుంది. అదే నీ చోటు. కళ్లద్దాల కాడ బిళ్ల కింద నలిగితే పట్టు పోతుంది, చూసుకో. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఉంటుంది, అంటే రెండు వైపుల శబ్దాన్నీ కలిపి రెండు చెవులకూ ఇచ్చేది, ఆన్ చెయ్యి. ఒక చెవి మరీ తక్కువైతే అది చాలా అవసరం. బేస్, అంటే గుమ్మని మోగే బొంగురు శబ్దం తగ్గించు, మాటలు విడివిడిగా తెలుస్తాయి.

సౌండ్ విషయంలో గట్టిగా చెప్తున్నాను. చెవి రంధ్రం ఖాళీగా ఉంది కదా, ఏమీ కాదనుకోవద్దు. మోత పడేది కాక్లియా మీదే, నీకు మిగిలిన ఆస్తి అదే. 80 డెసిబెల్స్ మోతయితే వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చెంప మీద గిలిగింతలు పెడుతోందంటే సౌండో బేసో ఎక్కువైందని లెక్క, వెంటనే తగ్గించు. చిత్తూరు బస్సులో హారన్ల మధ్య వినపడక సౌండ్ పెంచాలనిపిస్తుంది. అప్పుడు ఆపేసి, దిగాక విను. చెవులకు ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే బాగా వినపడుతుందని ఎవరైనా చెప్తారు, నిజమే. కానీ చెవి కారేవాళ్లు వాటి జోలికి పోకూడదు, తడి లోపలే ఉండిపోతుంది. మీ అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తానంటే వద్దని చెప్పు, చిల్లున్న చెవిలో ఏదీ పోయకూడదు. తలస్నానానికి వాజలైన్ రాసిన దూది పెట్టుకుంటే చాలు.

ఆడియోమెట్రీ కాగితం ఫొటో తీసి పంపు. వచ్చే ఆదివారం వీలైతే వచ్చేయ్. నాది ఒక గంట పెట్టుకుని చూడు, ఆ తర్వాతే కొందువు గాని.

మీ అత్త